మైకు చేతిలో ఉన్నా చెప్పలేని మాట

రోజూ టీవీలో కనిపించే మనిషి మనకి బాగా తెలిసిన మనిషే అనుకుంటాం. ఆవిడ చీర బావుంటే మనింట్లో పిల్ల కట్టుకున్నట్టు మురిసిపోతాం. కాస్త చిక్కితే 'పాపం, ఒంట్లో బావుండలేదేమో' అని పక్కింటావిడతో అంటాం. ఆవిడ ఒకప్పటి క్రీడాకారిణి కూడా అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఎన్ని పతకాలు, ఎన్ని సెకన్లు, ఎవరి మీద గెలిచింది... అన్నీ మన పిల్లలకి కంఠతా వచ్చేస్తాయి. అంతా తెలుసుననుకునే చోటే అసలు సంగతి దాక్కుని ఉంటుందేమో! బ్రిటన్ పరుగుల రాణి కెల్లీ హోమ్స్ కథ చదివినప్పట్నుంచీ నాకీ అనుమానం వదలడం లేదు.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆవిడ రెండు బంగారు పతకాలు గెలిచింది. 2005 డిసెంబరులో పరుగు మానేశాక టీవీ కార్యక్రమాలు, ఉపన్యాసాలు, పుస్తకాలు. మాట్లాడడమే ఆవిడ వృత్తి అయిపోయింది. కష్టాల్ని ఎలా దాటాలో, మనసుని ఎలా కూడగట్టుకోవాలో బడి పిల్లలకీ, కంపెనీల వాళ్లకీ చెప్పేది. అలాంటి మనిషి తన జీవితంలో అన్నిటికన్నా పెద్ద మాటని పదిహేడేళ్లు దాటిన వయసులో మనసులో మూట కట్టుకుని, మళ్లీ 2022 జూన్‌లో, తన యాభై రెండో ఏట గానీ పదిమందిలో విప్పలేకపోయింది. తనకి ప్రేమ కలిగేది ఆడవాళ్ల మీదేనన్నది ఆ మాట.

ఇంతేనా అనిపించిందా? లేక, పేజీ తిప్పేద్దామనిపించిందా? రెండిట్లో ఏదనిపించినా కాసేపు ఆగండి. ముందు ఆ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

1970 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పుట్టింది కెల్లీ. తల్లి పామ్ ఇంకా ఇరవై నిండని తెల్ల పిల్ల. తండ్రి జమైకా నుంచి వచ్చిన నల్లజాతి మెకానిక్. పిల్లకి ఏడాది వచ్చేసరికే ఆ కాపురం చెదిరిపోయింది. చుట్టూ అంతా తెల్లవాళ్లే ఉన్న ఊళ్లో చేతిలో నల్ల బిడ్డ, పక్కన మొగుడు లేడు, చేతిలో పైసా లేదు. పిల్లని ఎవరికైనా దత్తతకి ఇచ్చెయ్యమని పెద్దవాళ్ల ఒత్తిడి. కెల్లీ కొన్నాళ్లు అనాథ పిల్లలుండే హోములో పెరిగింది, మళ్లీ తల్లి దగ్గరికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. దత్తత కాగితాల మీద సంతకం పెట్టాల్సిన రోజు వచ్చింది. పామ్ పెట్టలేదు. ఏ రికార్డు పుస్తకంలోనూ ఎక్కని ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం లేకపోతే ఈ కథే లేదు.

తర్వాత తల్లి మరొకరిని పెళ్లాడింది, ఇల్లు కుదుటపడింది. చదువులో వెనకబడ్డ కెల్లీని బళ్లో వ్యాయామం నేర్పే టీచరమ్మ పరుగు వైపు తోసింది. పన్నెండేళ్లకి టాన్‌బ్రిడ్జ్ ఊరి అథ్లెటిక్ క్లబ్బులో చేరింది. 1984లో, పద్నాలుగేళ్లప్పుడు, లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో సెబాస్టియన్ కో 1500 మీటర్లు గెలవడం టీవీలో చూసి, తనూ ఒలింపిక్ చాంపియన్ కావాలనుకుంది. అప్పటికే ఇంకో కల కూడా ఉంది. సైన్యంలో వ్యాయామ శిక్షకురాలవ్వాలని. ఈ రెండు కలలే తర్వాత ఒకదాని గొంతు ఒకటి పట్టుకుంటాయని ఆ పిల్లకేం తెలుసు!

1988లో సైన్యంలో చేరింది. మొదట లారీ డ్రైవరు, తర్వాత కోరుకున్నట్టే శిక్షకురాలు. పరుగు పక్కకి పోయింది. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ టీవీలో వస్తుంటే, చిన్నప్పుడు తనతో పోటీ పడ్డ అమ్మాయి బ్రిటన్ తరఫున ట్రాక్ మీద కనిపించింది. 'ఈ పిల్ల అక్కడుంటే నేనిక్కడేం చేస్తున్నా' అనిపించదూ? అలా మళ్లీ బూట్లు కట్టింది. సైన్యంలో ఉద్యోగం చేస్తూనే 1994 కామన్వెల్త్ పోటీల్లో 1500 మీటర్ల బంగారం, 1995 ప్రపంచ పోటీల్లో ఒక రజతం, ఒక కాంస్యం తెచ్చింది.

పోటీల గోల పట్టని అక్కచెల్లెళ్ల కోసం ఒక మాట. 800 మీటర్లంటే స్టేడియం చుట్టూ రెండు రౌండ్లు, 1500 అంటే నాలుగుకి కాస్త తక్కువ. వంద మీటర్లలా కళ్లు మూసుకుని దూకెయ్యడానికి లేదు, మారథాన్‌లా నింపాదిగా పోవడానికీ లేదు. మొదట్లో ఉబలాటపడితే చివర్లో కాళ్లు సీసమైపోతాయి, మరీ దాచుకుంటే ముందున్న వాళ్లు చెయ్యి దాటిపోతారు. నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదనుకోండి.

ఈ రెండు రౌండ్ల పరుగు ఆడవాళ్లకి దక్కడమే ఒక పెద్ద కథ. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్ల 800 మీటర్లు పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. గీత దాటాక కొందరు ఆయాసంతో నేల మీద వాలారు. మగవాళ్లూ వాలతారు, అది ఎవరికీ వార్త కాదు. ఆడవాళ్లు వాలేసరికి, పందెం పూర్తి చెయ్యలేక కుప్పకూలారనీ, చూడ్డానికి ఘోరంగా ఉందనీ పత్రికలు రాసేశాయి. పర్యవసానం? 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా, అంటే ముప్ఫై రెండేళ్లపాటు, ఆడవాళ్లకి 800 మీటర్లు లేకుండా చేశారు. 1500 అయితే 1972లో గానీ రాలేదు. 1928లో రెండో స్థానంలో వచ్చిన జపాన్ అమ్మాయి కినుయె హితోమి స్వయంగా పత్రికలో పనిచేసే మనిషి. ఇరవై నాలుగేళ్లకే, 1931లో, జబ్బుచేసి పోయింది. ఆ రోజు ట్రాక్ మీద ఏం జరిగిందో లోకం ఆవిడ కలం నుంచి విని ఉంటే ఎంత బావుండేది!

పత్రికలు ఆడదాని ఆయాసాన్ని ఎలా చూస్తాయో, కన్నీళ్లనీ అలాగే చూస్తాయి. మళ్లీ కెల్లీ దగ్గరికి వద్దాం.

ఆ రోజుల్లో బ్రిటన్ సైన్యంలో స్వలింగ ప్రేమ నిషిద్ధం. బయటపడితే ఉద్యోగం పోతుంది, సైనిక విచారణ జరగొచ్చు, జైలు దాకా వెళ్లొచ్చు. తను ఎలాంటి మనిషో కెల్లీకి తెలిసింది సైన్యంలో చేరిన కొత్తలోనే. సైనిక పోలీసులు ఆడవాళ్ల గదుల్లో జొరబడి, మంచాలు తిరగేసి, సొరుగులు బయటికి లాగి, ఉత్తరాల కోసం వెతికేవారని ఆవిడ తర్వాత చెప్పింది. దొంగతనం చేసినవాళ్ల ఇంట్లో సోదా చేసినట్టు! ఇష్టపడి చేరిన కొలువు, తనని మనిషిగా నిలబెట్టిన కొలువు. అందులోనే ప్రతి రాత్రీ తలుపు చప్పుడుకి ఉలిక్కిపడ్డం.

1997లో సైన్యం వదిలింది. అదే ఏడు ఇంట్లోవాళ్లకి సంగతి చెప్పింది. వాళ్లు తలుపులు మూసెయ్యలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ ఈ మాట దగ్గరికే వస్తాను.

పరుగు సంగతి చూస్తే ఏడాదికో దెబ్బ. 1996 అట్లాంటాలో కాలి ఎముకకి పగులుతోనే పరుగెత్తి 800లో నాలుగో స్థానం. 1997 ప్రపంచ పోటీల్లో, ఏథెన్స్‌లో, గెలుస్తుందని అందరూ అనుకుంటుంటే మొదటి రౌండులోనే పిక్క, మడమ వెనక నరం దెబ్బతిని కుంటుకుంటూ బయటికి. 2000 సిడ్నీలో సరైన సాధన లేకుండానే కాంస్యం. 2003లో మళ్లీ గాయాలు. ఒలింపిక్స్ ఇంకో ఏడాదే ఉంది, వయసు ముప్ఫై మూడు. అప్పుడు తన శరీరాన్ని తనే గాయపరచుకోవడం మొదలుపెట్టింది. బయటికి ఎవరికీ తెలీదు. ఆ మనసుతోనే ఆ ఏడు పారిస్ ప్రపంచ పోటీల్లో రజతం గెలిచి పతకంతో నవ్వుతూ ఫొటో దిగింది.

2004 ఆగస్టు, మళ్లీ అదే ఏథెన్స్, అదే స్టేడియం. తొమ్మిది రోజుల్లో ఆరు పరుగులు. ఆగస్టు 23న 800 మీటర్ల ఫైనలు. మొదట్లో వెనకాలే ఉండి, చివరి మలుపు దగ్గర బయటివైపు నుంచి వచ్చింది. తనతో కలిసి సాధన చేసిన మొజాంబిక్ మేటి మరియా ముటోలా పక్కనే ఉంది. 1 నిమిషం 56.38 సెకన్లు. స్టవ్ మీద పెట్టిన పాలు పొంగే లోపలే అంతా అయిపోయింది! రెండు, మూడు స్థానాల వాళ్లకీ తనకీ తేడా సెకనులో ఇరవయ్యో వంతు. ముటోలా నాలుగో స్థానానికి జారిపోయింది. గెలిచానో లేదో తెలీక కళ్లు ఇంతలేసి చేసుకుని చూస్తున్న కెల్లీ ఫొటో అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది. ఆగస్టు 28న 1500 మీటర్లు, 3 నిమిషాల 57.90 సెకన్లు, బ్రిటన్ రికార్డు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండూ గెలిచిన బ్రిటన్ వాళ్లు అంతకు ముందు 1920లో ఆల్బర్ట్ హిల్ ఒక్కడే. ఆడవాళ్లలోనైతే మొత్తం ప్రపంచంలో అప్పటికి ఆవిడ మూడోది.

పత్రికలకి ఇక పండగ. అనాథ పిల్లల హోము, సైన్యం, గాయాలు, ముప్ఫై నాలుగేళ్ల వయసు, బంగారం. ఎంత నిండైన కథ! సొంత ఊళ్లో జనం విరగబడ్డారు. బీబీసీ ఆ ఏటి మేటి క్రీడాకారిణి అంది. 2005 కొత్త సంవత్సరానికి రాణీగారు 'డేమ్' బిరుదు ఇచ్చింది. మనకి ఏడుపులన్నీ పతకం దగ్గర ఆగిపోవాలి. ఆ తర్వాత కూడా ఏడుస్తుందంటే వినే ఓపిక మనకుండదు. సినిమాలో శుభం కార్డు పడ్డాక హీరోయిన్ ఇంటికెళ్లి ఏం చేసుకుంటుందో ఎవరికి కావాలి?

2005లో ఆత్మకథ అచ్చయింది. తన ఒంటి మీద తను చేసుకున్న గాయాల గురించి అందులో దాచకుండా చెప్పింది. ఎంత ధైర్యమో అని లోకమంతా మెచ్చుకుంది. నిజంగా ధైర్యమే. కానీ చూడండి, తన నెత్తురు గురించి చెప్పగలిగిన మనిషి తన ప్రేమ గురించి చెప్పలేకపోయింది! గాయానికి గాయాలైన కాళ్లూ, ఒలింపిక్స్ ఒత్తిడీ కారణాలన్నారు. అవీ అబద్ధాలు కావు. వాటి కింద ఉన్న మరో బరువుకి మాత్రం పేరు పెట్టలేదు. టీవీ వాళ్లు ఇంటర్వ్యూ చేసిన ప్రతిసారీ, పెళ్లెప్పుడూ, ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న వస్తుందేమోనని బిక్కుబిక్కుమంటూ మైకు ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించండి. మన పెళ్లిళ్లలో పేరంటాళ్లలో ముప్ఫై దాటిన ఆడపిల్లని అడిగే ప్రశ్నలు గుర్తొస్తే ఊహించడం అంత కష్టమేం కాదు.

మరి ఎందుకంత భయం? 1999లో ఐరోపా మానవ హక్కుల కోర్టు తప్పని తేల్చాక, 2000 జనవరిలో బ్రిటన్ సైన్యం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. చట్టం పోయింది. భయం మాత్రం పోలేదు. 'ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తప్పు చేశావు కదా' అని ఇప్పుడు శిక్షిస్తే? బిరుదు లాక్కుంటే? 2018లో సైన్యం ఆవిడకి గౌరవ కల్నల్ హోదా ఇచ్చింది. అందరూ అభినందించారు. ఆవిడకి మాత్రం పాత పీడకల మళ్లీ యూనిఫాం వేసుకొచ్చినట్టయింది. అంతకు ముందు ఏడే, 2017లో, తల్లి పామ్ క్యాన్సర్‌తో పోయింది. సంతకం పెట్టని ఆ చెయ్యి ఇక లేదు. 2020లో కోవిడ్ సోకింది, మనసు పూర్తిగా కుంగింది. అప్పుడు సైన్యంలో తగిన మనిషిని పట్టుకుని అడిగింది, నన్ను ఇప్పటికీ శిక్షించే వీలుందా అని. లేదన్నారు. నిషేధం ఎత్తేసి అప్పటికి ఇరవై ఏళ్లు! ఒక్క ప్రశ్న అడగడానికి ఒలింపిక్ చాంపియన్‌కి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత రెండేళ్లకి, 2022 జూన్‌లో, ఒక పత్రికతో చెప్పింది. అదే నెలలో ఐటీవీలో ఆవిడ డాక్యుమెంటరీ వచ్చింది. ఆడవాళ్లు కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకునే 'లూజ్ విమెన్' అనే మధ్యాహ్నపు కార్యక్రమంలో కూర్చుని ఇప్పుడు తన సంగతులు తనే చెప్పింది. 2023లో మరో జీవిత కథ రాసింది. మొదటి పుస్తకంలో ఖాళీగా వదిలేసిన చోటు నింపడానికే అనుకుంటాను.

ఇదంతా ఇంగ్లండు సంగతి, మన పేపర్లో, అందులోనూ ఆడవాళ్ల పేజీలో ఎందుకు అనేవాళ్లుంటారు. వాళ్లకి హైదరాబాదు సంగతే చెప్తాను. ఒడిశా నుంచి వచ్చి హైదరాబాదులో సాధన చేసిన పరుగుల అమ్మాయి ద్యుతీ చంద్. 2019 మేలో, తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బాహాటంగా చెప్పింది. మన సుప్రీంకోర్టు 377 సెక్షన్‌లో ఆ భాగాన్ని కొట్టేసి (2018 సెప్టెంబరు 6న) అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇరవై మూడేళ్ల పిల్ల. ఇంట్లోవాళ్లే ముందు మండిపడ్డారు. కెల్లీ ఇంట్లోవాళ్లు అర్థం చేసుకున్నారు గానీ ఆవిడకి లోకమంటే భయం. ద్యుతీ లోకానికి చెప్పగలిగింది గానీ ఇల్లు గట్టి గోడై నిలబడింది. ఏది ఎక్కువ కష్టమో తూకం వెయ్యడం నా వల్ల కాదు. పైకి చెప్పేసిన ఆ పిల్లని, చెప్పుకోలేకపోయిన ఆ పెద్దావిడని పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ విషయంలో వయసూ, పేరూ, పతకాలూ అక్కరకు రావని మాత్రం అర్థమవుతోంది.

పిల్లల సంగతి వచ్చింది గనక ఇంకోటి. పరీక్షలనో, ఆటలనో, ఇంకేదో చెప్పుకోలేని బాధతోనో ఒంటికి గాయాలు చేసుకుంటున్న పిల్లలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. పొడుగు చేతుల జాకెట్టు ఎండాకాలంలోనూ వదలకపోతే 'ఫ్యాషనులే' అని ఊరుకోకండి. తిట్టకండి, సోదాలూ చెయ్యకండి. పక్కన కూర్చోండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్‌కి 14416 నెంబరులో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. మీకోసమైనా సరే.

కెల్లీ నెలకొల్పిన 800 మీటర్ల బ్రిటన్ రికార్డు 1995 నుంచి 2021 దాకా నిలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో కీలీ హాడ్జ్‌కిన్సన్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి దాన్ని దాటింది. 2024లో పారిస్‌లో అదే పరుగులో బంగారం కూడా గెలిచింది. రికార్డులు అలా చేతులు మారాల్సిందే. ఇన్నేళ్ల నిశ్శబ్దం ఎవరి ఖాతాలో రాయాలన్నదే తేలని లెక్క.

ఎందుకంటే కెల్లీ కనీసం అన్నీ నిలబెట్టుకుంది. ఆవిడతో పాటు సైన్యంలో ఉండి, దొరికిపోయిన వాళ్లున్నారు. వాళ్ల ఉద్యోగాలు పోయాయి, కొందరి పింఛన్లు పోయాయి. యుద్ధంలో సంపాదించుకున్న పతకాలని లాక్కున్నారు. ఆ పతకాలు తిరిగి అడిగి తీసుకోవచ్చని బ్రిటన్ ప్రభుత్వం అన్నది 2021 ఫిబ్రవరిలో. పార్లమెంటులో ప్రధాని రిషి సునాక్ క్షమాపణ చెప్పింది 2023 జూలైలో. అలా గెంటేసిన ఒక్కొక్కరికి 50 వేల పౌండ్లు ఇస్తామని ప్రకటించింది 2024 డిసెంబరులో. అప్పటికి వాళ్లలో చాలామంది ముసలివాళ్లయిపోయారు, కొందరు పోయారు కూడా.